కోట కట్టని బావగారి రాజు

సింధనూరు

బావగారికి, రైసు మిల్లు దుమ్ములోంచి హనుమేశ్ నమస్కారాలు.

ఫోన్లో చదరంగం ఆడితే మనిద్దరం అరుచుకుంటున్నామని అక్క మనల్ని పోస్టుకార్డుల్లోకి దింపింది. బాగానే ఉంది, పందెం మాత్రం మరిచిపోవద్దు. మీరు ఓడితే కంటి శుక్లాల ఆపరేషన్‌కు ఒప్పుకోవాలి. నేను ఓడితే ఆ మాటే ఎత్తను.

ఆట సగానికొచ్చినా మీ రాజు నడిమధ్యలోనే కూర్చున్నాడు. క్యాస్లింగ్ చేసి, కోట కట్టుకుని మూలకు చేరమనండి. అలా బయట ఉండిపోయిన రాజును నేను ఊరికే వదలను.

మీ హనుమేశ్

తా.క. మీ దగ్గర కుట్టించుకునే పంపాపతి ప్యాంటుకు జేబు మోకాలి దగ్గర కుట్టారట. అక్క చెప్పింది.

రాయచూరు

చిరంజీవి హనుమేశ్‌కు, టైలర్ బసవలింగప్ప దీవెనలు.

నా రాజు మూలకు పోయి దాక్కోవాలా? రాయచూరు కోట గోడ పక్కన పుట్టినవాణ్ణి నేను. నా రాజు నడిబజారులో కూర్చుని చాయ్ తాగుతాడు. నీ సలహాలు మిల్లులో బస్తాలకు చెప్పుకో. నా కళ్లకేం కాలేదు. ఈ మధ్య సూదులకే బెజ్జాలు చిన్నవి పెడుతున్నారు.

మీ బావ

తా.క. మోకాలి దగ్గర జేబు ఫోన్‌కు బాగుందని పంపాపతే అన్నాడు.

సింధనూరు

బావా, నమస్కారం.

నేను బలిచ్చిన ఒంటెను మీరు బంటుతో సంబరంగా కొట్టేశారు. ఆ బంటు పక్కకు జరగడంతో ఇప్పుడు మీ రాజు ముందు దారంతా ఖాళీ. ఈ ఎత్తుతో నా రెండో ఒంటెను ఏనుగు దారిలోంచి తప్పించాను, వచ్చే కార్డులో ఆ ఏనుగు ఎదురుగా వచ్చి చెక్ చెబుతుంది. ఇక ఆట లేదు. ఆసుపత్రిలో మీ పేరు రాయించమని అక్కకు చెప్పాను.

మీ హనుమేశ్

తా.క. నల్లకళ్లద్దాలు కొనేశాను.

రాయచూరు

హనుమేశ్, నా ఎత్తు: ఈ-1 నుంచి జి-2కి.

బావ

తా.క. ఆ నల్లద్దాలు నువ్వే పెట్టుకో.

సింధనూరు

బావా!

కార్డు చదవగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈ-1లో ఉన్నది మీ రాజు! రాజు ఒక్క గడే నడుస్తాడు. మీరు గుర్రంలా దూకించారు. రాజేదో గుర్రమేదో మీకు తెలియడం లేదన్నమాట. ఆట వద్దు, పందెం వద్దు, నేను గెలవనూ అక్కర్లేదు. మిల్లులో సెలవు దొరకగానే బస్సెక్కి వచ్చి, మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోతాను. నాకు నిజంగా భయంగా ఉంది.

హనుమేశ్

తా.క. నేను వచ్చేదాకా కత్తెర అక్క దగ్గర ఉంచండి.

రాయచూరు

హనుమేశ్‌కు, నిమ్మళంగా ఉన్న బావ రాసేది.

ఆ దూకడం న్యాయమైనదే. మా వైపు ఆటలో, చెక్ పడనంతవరకు రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే హక్కుంది. మా నాయన అలాగే ఆడేవాడు. చౌక్‌లో నాగేశ్వరయ్య ఇప్పటికీ అలాగే ఆడతాడు. కోట కట్టే పని మాకెందుకు? నీ ఏనుగు రాకముందే నా రాజు తప్పించుకున్నాడు, నీ ఒంటె దండగైంది. పందెం నాదే.

కానీ నీకొక్కడికే చెబుతున్నాను. నేను రాజును దూకించలేదు. గుర్రమనుకునే పట్టుకున్నాను. నీ ఉత్తరం కొట్లో పిల్లాడితో చదివించుకుని, వేలితో తడిమి చూస్తే కిరీటం తగిలింది. చెమటలు పట్టాయి. ఆ హక్కు సంగతి తర్వాతే గుర్తొచ్చింది.

ఆ పూటే మీ అక్కతో, "గిరిజా, నడువు, దవాఖానకు పోదాం" అన్నాను.

"ఏందండీ, ఆట ఓడిపోయిన్రా?" అంది.

"లేదు, గెలిచిన. గెలిచిన గాబట్టే పోదామంటున్న."

ఆపరేషన్ అయిపోయింది. నొప్పే లేదు. ఇన్నాళ్లూ దీనికా భయపడ్డానని నవ్వొస్తోంది. నిన్న పట్టీ విప్పగానే మీ అక్క ముఖం కనిపించింది, ఏడుస్తోంది. నాకూ ఆగలేదు. ఇన్నాళ్లకు గుండె తేలికైందిరా. కంగారుగా రావద్దు. తీరిగ్గా, ఆడుకోవడానికి రా.

ఇట్లు, స్వయంగా రాసిన బావ

తా.క. బోర్డు ఇప్పుడు బాగా కనిపిస్తోంది. ఇన్నాళ్లూ నీ మంత్రి అనుకుని నేను హడలిపోయింది దారపు రీలును చూసి. నీ మంత్రి డబ్బాలోనే ఉంది.