అంచున నిలబడ్డ క్రోమోజోమ్

1997 ఫిబ్రవరి, గురువారం

నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని ఈ ఇంట్లో ఎవరు నిర్ణయించారో తెలియదు. గడ్‌చాందూర్ సిమెంట్ కాలనీలో కొత్తగా పెట్టిన బడికి నేను టీచరుగా వస్తానని నాన్న మాట ఇచ్చి వచ్చాడు. నన్ను అడగలేదు.

"పిల్ల ఊకున్నది కదా, ఇష్టమే ఉంటది," అన్నాడు అమ్మతో. నేను పక్కనే అన్నం తింటున్నాను.

"గా ఉల్లిగడ్డలతోనన్న మాట్లాడ్తది గాని మనతోని మాట్లాడదు," అంది అమ్మ. ప్రాక్టికల్‌కు వేర్లు కావాలని, అందుకే సీసా నీళ్లలో పెట్టానని మూడుసార్లు చెప్పాను. అయినా నిన్న ఒకటి పప్పులో వేసింది.

మిగిలిన గడ్డ వేరు కొసతో ఇవాళ కాలేజీలో స్లైడు చేశాను. విడిపోబోతున్న ఒక కణంలో క్రోమోజోములన్నీ మధ్యలో వరుస కట్టాయి. ఒక్కటి మాత్రం అంచున ఉండిపోయింది. క్రోమోజోములను చెరో వైపు లాగే దారాలు దాన్ని కూడా పట్టుకునేదాకా కణం విడిపోదట. ఆగమని చెప్పే ప్రొటీన్లు దాని మీదే ఉంటాయని, అవి ఊరుకుంటే కణం రెండైపోతుందని మేడమ్ ఏదో కొత్త పత్రికలో చదివి చెప్పారు.

ఒక్కదాని కోసం అన్నీ ఆగుతాయి. మా ఇల్లు ఆగదు. నేను మైక్రోస్కోపు నుంచి తల ఎత్తేసరికి ల్యాబ్‌లో ఎవరూ లేరు. అందరూ చాయ్‌కి వెళ్లారు. నేను రానని వాళ్లూ అనుకున్నారేమో...

ఆగమని చెప్పకుండా ఊరుకున్నది మాత్రం నేనే.

రేపు పొద్దున నాన్నతో చెప్తాను. బడికి వెళ్లను. నాగ్‌పూర్‌లో ఎమ్మెస్సీ చదువుతాను.