గుమ్మానికి తడిగోనె

తమ్ముడూ,

నిన్నటి నుంచీ ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి పాలబ్బాయి చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

"అక్కా, రేపు దోసతోటకి మందు కొడుతున్నా, నీ ఈగల్ని కట్టేసుకో" అని కబురు పెట్టావు. అవేమన్నా గేదెలా అని నవ్వుకున్నాను గానీ, చీకటిపడి అన్నీ గూడు చేరాక తేనెపెట్టెల గుమ్మాలన్నిటికీ తడిగోనె కుక్కాను. నువ్వు మందు కొట్టిన రోజంతా లోపలే ఉంచాను. మర్నాడు పొద్దున్నే నా చేత్తోనే గోనెలు లాగేశాను, గండం గడిచిందనుకుని.

మధ్యాహ్నానికల్లా గుమ్మాల ముందు వణుకుతూ పడి ఉన్నాయిరా. ఎగరబోయి గిరగిరా తిరిగి పడిపోతున్నాయి. కాపలా ఈగలు వాటిని పరాయివాళ్ళలా బయటికి నెట్టేస్తున్నాయి.

పువ్వులోని తేనెలోకి దిగే మందేమో అంటున్నారు మీ బావ. డబ్బా మీద పేరు చూసి రాయి. నీ మోటారు షెడ్డు మట్టిగోడ కన్నాల్లో చిన్న అడవి ఈగలుంటాయే, అవి తిరుగుతున్నాయో లేదో కూడా చూడు. నీ దోసపిందెలు సగం వాటి పుణ్యమే. వాటికి గోనె కుక్కే దిక్కు లేదు.

రాత్రి గుమ్మాలు మళ్ళీ మూశాను. ఎండెక్కే కొద్దీ లోపల హోరు పెరుగుతోంది. మూసి ఉంచితే ఉడికిపోతాయి, తీస్తే నీ తోటకే వస్తాయి. తీయనా, వద్దా?

మందు కొట్టేటప్పుడు నువ్వు మూతికి గుడ్డ కూడా కట్టుకోవు. జవాబు మరదలి చేత రాయించకు. నీ చేత్తోనే రాయి. అక్షరాలు వణికాయో లేదో చూసుకోవాలి.

అక్క