ముందు గుగ్గిళ్లు, తర్వాతే గ్లాసు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రాజమండ్రిలో మన బార్‌ని నీ కూతురు మళ్లీ తెరిచింది. ఇప్పుడన్నీ కాక్‌టెయిల్సే. ముంజల్నీ, మామిడల్లాన్నీ కూడా గ్లాసులోకి దించేసింది. వంటగదిలో నేను సణుగుతూనే ఉన్నాను. గుగ్గిళ్లు మాత్రం నన్నే ఉడకెయ్యమంది.

సాయంత్రం ఒకాయన కూర్చుంటూనే, "త్వరగా ఒక కాక్‌టెయిల్ ఇవ్వండి" అన్నాడు. నీ కూతురు గుగ్గిళ్ల ప్లేటు ముందుకు జరిపింది.

"ఖాళీ కడుపుకి మేం గ్లాసు ఇవ్వమండి. ముందు ఇవి తినండి."

అచ్చం నువ్వే! ముప్పై ఏళ్లు ఈ ఒక్క మాట మీదే బార్ నడిపావు. నీ దగ్గర ఎప్పుడు పట్టుకుందో మరి.

లోపలికెళ్లి రెండో వాయిలో ఉప్పు రెండుసార్లు వేసేశాను. నువ్వుంటే తిట్టేవాడివి. నీ కూతురు రుచి చూసి, నా మొహం చూసి, నిమ్మకాయ పిండింది.