గౌడవెల్లికి రాని జీపు

2003 జూన్, శనివారం రాత్రి

ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. మా చెల్లెలి కూతురు స్వరూపకు ఉద్యోగం వచ్చింది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పింది హెడ్‌ఫోన్లో విని కంప్యూటర్లో ఎక్కించాలి. అంతా రాత్రి పనే.

బావ అడ్డం తిరిగాడు. "ఆడివిల్ల రాత్రిపూట బయటికి పోతే ఊర్ల మన ఇజ్జత్ ఏం గావాలె?"

"నువ్వు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ చేస్తే పోని ఇజ్జత్, అది చేస్తే పోతుందా?" అని అరిచాను. గంటసేపు అరుస్తూనే ఉన్నాను.

చివరికి స్వరూపే అంది: "మామా, బాపుతోని లొల్లి ఇగ సాలు. కంపెనీ జీపు మనూరికి రాదంట, మెయిన్‌రోడ్డు మీదనే ఎక్కాలె. సోమవారం నాతోని ఆడిదాంక వస్తవా?"

సిటీ వైపున్న కొంపల్లిలో అయితే ఇంటి గుమ్మం ముందే ఆగుతుందట ఆ జీపు. గౌడవెల్లి పిల్ల మాత్రం చీకట్లో నడవాలి! సోమవారం నేనూ అందులో ఎక్కుతాను. మా ఊళ్లోకి రానంటే దిగను. దమ్ముంటే నన్ను దించమను, చూస్తాను.