నొప్పి లేని వేళ్లు

జనవరి, మంగళవారం రాత్రి. ఎడ్మంటన్, కెనడా.

సాయంత్రం తలుపు మీద కట్టెతో కొట్టినట్టు చప్పుడైంది. తీస్తే నా రూమ్మేట్ స్రవంతి. గ్లవ్స్ బస్సులో మరిచిపోయి, గడ్డకట్టే చలిలో స్టాప్ నుంచి అలాగే నడిచి వచ్చిందట. వేళ్లు మైనంలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

"అస్సలు నొప్పి లేదే," అని నవ్వింది. ఆ నవ్వుకే నాకు భయమేసింది.

చేతులు హీటర్ మీద పెట్టబోతే ఆపాను. "వద్దే, కాలినా నీకు తెలీదు. రుద్దకు కూడా."

గోరువెచ్చని నీళ్లలో ముంచాను. కాసేపటికి నొప్పితో ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు విన్నాకే నా ప్రాణం కుదుటపడింది.

చిటికెన వేలు మాత్రం తెల్లగానే ఉండిపోయింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, కట్టు కట్టిన డాక్టర్ ఆ వేలు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నారు.

ఇప్పుడు పక్క మంచం మీద నిద్రలో మూలుగుతోంది. మూలుగు ఆగినప్పుడల్లా లేచి చూస్తున్నాను.