ర్యాంపు విప్పితే బ్రేకు పడదు

సెంటినరీ కాలనీ నుండి,

కార్యనిర్వహణాధికారి గారికి,
వాహనాల విభాగం, సుగమ దివ్యాంగ రవాణా సంస్థ,
గోదావరిఖని.

అయ్యా,

విషయం: మా కాలనీ వ్యానుకు కట్టిన రెండు కర్రలను తీసివేయవలసినదిగా తాము పంపిన నోటీసుకు సంజాయిషీ, మరియు ఆ కర్రలను తీయబోమని మనవి.

నేను మంథని ఆడబిడ్డను, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలిని. నా మనుమరాలు వేదశ్రీ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది. చిన్ననాటి నుండి చక్రాల కుర్చీయే దాని నడక. తమ సంస్థ వ్యానులో గోదావరిఖనిలోని కాలేజీకి పోయి వస్తుంది. తమ నోటీసులో నన్ను "సంస్థ ఆస్తిని నిర్బంధించిన వృద్ధురాలు" అని పేర్కొన్నారు. వృద్ధురాలు అన్నంత వరకు అంగీకరిస్తున్నాను. తక్కినదానికి నా జవాబు ఈ క్రింది విధముగా సమర్పించుకుంటున్నాను.

1. బండి తయారుచేసిన కంపెనీ వారు మొన్నటి ఎండాకాలంలో ఒక ప్రకటన ఇచ్చారు. వెనుక ర్యాంపు బిగించిన వ్యాన్లలో బ్రేకు ఆయిలు పోయే గొట్టం ర్యాంపు ఇనుప చట్రానికి ఒరుసుకుని అరిగిపోతున్నదని, అట్టి బండ్లను నడపక వెంటనే వర్క్‌షాపుకు పంపవలెనని, కొత్త గొట్టాలు తామే వేసి ఇస్తామని దాని సారాంశం. ఇందులో రహస్యమేమీ లేదు. పేపర్లో పడింది. తమ ఆఫీసు గోడకు కూడా అంటించారు, మంచినీళ్ల కూలరు వెనుక.

2. తమ విభాగం ఆలస్యం చేసిందని నేను అనను. వెంటనే కదిలింది. బండిని వర్క్‌షాపుకు పంపలేదు గానీ, దానికున్న ర్యాంపు విప్పించింది. పక్కన వేసి ఉన్న చక్రాల కుర్చీ బొమ్మ మీద తెల్లరంగు కొట్టించింది. "ర్యాంపు కలిగిన వాహనములు మా వద్ద లేవు" అని కంపెనీకి రాసి చేతులు దులుపుకున్నది. నేను స్వయంగా ఆఫీసుకు వచ్చి విచారించగా, తమ క్లర్కు సదయ్య గారు నన్ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఓపికగా బోధించారు.

"ర్యాంపు ఉన్న బండ్లకే కద మేడం బ్రేకులు ఖరాబని రాసిన్రు. ఇప్పుడు మన బండికి ర్యాంపే లేకపాయె. ఇగ మీకేం ఫికర్?"

"మరి అరిగిన గొట్టం?"

"అది ర్యాంపున్నప్పటి ముచ్చట."

నా సర్వీసులో తప్పు జవాబులు చాలా దిద్దాను. తప్పు జవాబుకు ఇంత చక్కని వివరణ ఇచ్చిన విద్యార్థి ఒక్కడూ తగలలేదు. ఇల్లు అంటుకున్నదని కబురొస్తే గేటు మీది ఇంటి నెంబరు చెరిపి, ఇక ఆ ఇల్లు మాది కాదన్నట్టున్నది.

3. ర్యాంపు పోయినందున కుర్చీలోని మనుషులను చేతులతో ఎత్తి లోపల దించుతున్నారు. ఒక పక్క డ్రైవరు ఉపేందర్ పడతాడు, రెండో పక్క దారిన పోయే ఎవరు దొరికితే వారు. ఎదిగిన ఆడపిల్ల. ఎత్తినంతసేపు వేదశ్రీ కళ్లు మూసుకుని ఉంటుంది. ఆ కళ్లు మూసుకోవడాన్ని అర్జీ భాషలో ఎట్లా రాస్తారో నాకు తెలియదు. కనుక తదుపరి అంశమునకు పోవుచున్నాను.

4. పోయిన వారం రైల్వే గేటు ముందరి దిగుడులో బ్రేకు పెడలు నేలను తాకింది, బండి ఆగలేదు. గేటు వేసి ఉంది, అవతల బొగ్గు వ్యాగన్లు పోతున్నాయి. ఉపేందర్ బండిని రోడ్డు పక్కన ఎవరో పోయించుకున్న ఇసుక కుప్పలోకి దూర్చాడు. లోపల నా మనుమరాలు, ఎల్లన్న ఉన్నారు. ఎల్లన్న బొగ్గుబాయిలో సర్దారుగా చేసినవాడు, పైకప్పు కూలి రెండు కాళ్లూ పోయినవాడు. దవాఖానకు ఆ వ్యానులోనే పోతాడు. ఇద్దరికీ దెబ్బలు తగలలేదు. తమ నివేదికలో "వాహనము సురక్షితముగా నిలిచినది" అని రాసినట్లు తెలిసింది. నిలిపింది ఇసుక. దానిని తమ సంస్థలో పర్మనెంటు చేయవలసినదిగా సిఫారసు చేస్తున్నాను. ముందు అద్దం మీద తాము వేయించిన "రక్షణే ప్రథమం" స్టిక్కరుకు మాత్రం గీత కూడా పడలేదు.

5. ఇక కర్రల సంగతి. తాము ఈ ప్రాంతానికి కొత్త, ఎరిగి ఉండకపోవచ్చు. బాయిలో పని మొదలుకాకముందు చోటు చూసి, భద్రమా కాదా చెప్పేవాడు సర్దారు. పైకప్పు సప్పుడు చేసిన చోట అతడు రెండు కర్రలను అడ్డంగా, ఇంటూ గుర్తులాగా కడతాడు. కప్పు సరిచేసి, ఆ కర్రలు విప్పేదాకా అవతలికి ఎవరూ పోరు. మేనేజరూ పోడు. ఇది చట్టమో కట్టుబాటో నేను వేరు చేసి చూడలేదు. ఇక్కడి ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

బండిని లాగుకొచ్చి కమ్యూనిటీ హాలు ముందు నిలిపిన రోజు ఎల్లన్న కుర్చీ తోసుకుంటూ మా ఇంటికి వచ్చి, "టీచరమ్మా, రెండు కర్రలుంటె ఇయ్యి" అన్నాడు. దండెం కర్రలు ఇచ్చాను. "ఎవరి ప్రోద్బలముతో కట్టబడినవి" అని నోటీసులో అడిగారు కాబట్టి తెలియజేయడమైనది: కర్రలు నావి, ముడి ఎల్లన్నది.

6. ఆ తర్వాత తాము పూచీకత్తు కాగితాలు పంపారు. ఇష్టపూర్వకంగానే ప్రయాణిస్తున్నామని, ఏం జరిగినా సంస్థకు బాధ్యత లేదని సంతకం చేస్తే బండి మళ్లీ నడుపుతారట. ఉపేందర్ ఆ కాగితాలు పట్టుకుని ఎల్లన్న ముందు నిలబడ్డాడు.

"నేను సంతకం పెడ్తె బ్రేక్ పడతదా?" అన్నాడు ఎల్లన్న. "పడతదంటె చెప్పు, రెండు చేతుల పెడ్త."

"నేను గూడ పెట్టాల్నట అన్నా."

"నీకెందుకురా. నీకు కాళ్లున్నయి, దుంకి ఉరుకుతవ్."

కాగితాలు సంతకాలు లేకుండా దీనితో జతపరచడమైనది.

7. సోమవారంలోగా కర్రలు తీయకుంటే వేదశ్రీకి వ్యాను సౌకర్యం రద్దు చేస్తామని రాశారు. సోమవారమే దాని పరీక్షలు మొదలు. తాము అది తెలిసి రాశారో తెలియక రాశారో. తెలియకనే అనుకుంటున్నాను, మనుషుల మీద నాకు ఇంకా కొంత గౌరవం మిగిలింది.

నిజం చెప్పాలంటే ఆ వాక్యం చదివి నేను మెత్తబడ్డాను. "పరీక్షలయ్యేదాకనే కదనే, ఉపేందర్ను మెల్లగ నడపమందాం" అన్నాను. పిల్ల పుస్తకంలో నుంచి తల ఎత్తలేదు.

"నానమ్మా, నువ్వు బడిల ఎవరికన్న జాలిపడి మార్కులు కలిపినవా?"

"లేదు."

"మరి ఆ బండికెందుకు కలుపుతున్నవ్? నేనెక్క. పరీక్ష పోతె మళ్ల రాస్త."

అప్పుడు నోరు మూసుకున్నదానిని, ఈ అర్జీ రాయడానికే తెరిచాను.

కావున తమరిని కోరునది ఏమనగా, సదరు వ్యానును నడిపించక, లాగించి వర్క్‌షాపుకు పంపాలి. గొట్టాలు మార్పించాలి. ర్యాంపు తిరిగి బిగించాలి. ఆ చక్రాల కుర్చీ బొమ్మ కూడా తిరిగి వేయించాలి, సిగ్గుపడాల్సింది అది కాదు. లాగుకుపోయే బండి వచ్చిన రోజు ఎల్లన్నే తన చేత్తో ముడి విప్పుతాడు. ఇది దయ కోరి రాసిన అర్జీ కాదని గమనించ ప్రార్థన. "ప్రార్థన" అన్నది అలవాటు కొద్దీ వచ్చింది.

సోమవారం నాటి ఫికర్ తమకు అక్కరలేదు. కూరగాయల ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. చెక్క పలక వేస్తే కుర్చీ నేరుగా ఎక్కుతుంది, ఎవరూ పిల్లను ఎత్తనవసరం లేదు. దానికి బ్రేకులున్నాయి, నేనే కూర్చుని తొక్కి చూశాను. ముందు నేను, వెనుక నా మనుమరాలు, దాని పక్కన వంకాయల గంపలు. తమ ఆఫీసు ముందు నుంచే పోతాం. తీరిక ఉంటే బయటకు వచ్చి చూడవచ్చును.

ఇందలి విషయములు చిత్తగించవలెను. చిత్తగించుటకు వీలు కాకున్న, కనీసం ఆ బ్రేకు ఒక్కసారి తొక్కి చూడవలెను.

ఇట్లు,
బ్రేకుల సంగతి మినహా తమ విధేయురాలు,
సరస్వతమ్మ

తా.క.: ఇది కవరులో పెడుతుండగానే తాము పంపిన కొత్త డ్రైవరు వచ్చాడు. తాళాలు ఆడించుకుంటూ బండి దాకా పోయి ఆగాడు.

"ఎవరు కట్టిన్రవ్వా ఇవి?"

"ఎల్లన్న సర్దారు."

"విప్పమని చెప్పిన్రు గని..." అని ముడి దాకా చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. "మా నాయనది గూడ బాయి పనే అవ్వా. కట్టినంక నేనెట్ల విప్పుత?"

తాళాలు నా చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగి పోయాడు. పిల్లవాడిని ఏమీ అనకు. తాళాలు మా పోపుల డబ్బాలో ఉన్నాయి. ఈసారి డ్రైవర్ను పంపకు నాయనా, మెకానిక్‌ను పంపు.