లెక్కల టీచర్ ఉన్న బడి

మంగళవారం

బదిలీల్లో లెక్కల సారు వెళ్లిపోయాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. అప్పటినుంచి పదో తరగతికి లెక్కలు చెబుతున్నది తెలుగు టీచర్నైన నేనే. ఈ రోజు పరీక్ష పేపర్లు పంచాను. బీడీలు చేసే రాజవ్వ బిడ్డ మమత నా టేబుల్ దగ్గరికి వచ్చి మెల్లగా అంది: "మేడం, గీ లెక్కల శంకువుకు అర్ధగోళం అతికిచ్చిన కాడ బయటికి కనవడదు కద. ఉపరితల వైశాల్యంల ఆ వృత్తాన్ని కలపద్దంట. కోరుట్లల ట్యూషన్ సార్ చెప్పిండు."

నిజమే. కలపమని చెప్పింది నేను. నేను చెప్పినట్టు చేసిన అందరికీ మార్కులు వేసి, మమతకు సున్నా పెట్టాను.

మధ్యాహ్నం ఖాళీల ఫారం నింపాను. మా బడికి హెడ్‌మాస్టర్ కూడా లేరు, ఆ సంతకమూ నాదే. లెక్కల పోస్టు ఖాళీ అని రాసి పంపితే మండలం ఆఫీసు క్లర్కు ఫోన్ చేశాడు.

"మీరు చెప్తున్నరు కద మేడం, ఖాళీ అని ఎట్ల రాస్తరు? సర్దుబాటు అయిందని రాయుండ్రి. పైనుంచి గట్లనే చెప్పిండ్రు."

సర్దుబాటు అయిందనే మార్చి రాసిచ్చాను. నేను క్లాసు మానేస్తేనే ప్రభుత్వానికి ఖాళీ కనిపిస్తుంది. మానేస్తే పిల్లలు...

మమత సున్నా దిద్దాను. మిగతా వాళ్లకు ట్యూషన్ లేదు, నేను చెప్పిందే నమ్ముతారు. రేపు మొదటి పీరియడ్ లెక్కలే. నేను చెప్పింది తప్పని ఒప్పుకుని బోర్డు తుడుస్తాను. ఆ తర్వాతి లెక్క కూడా నాకు రాదు.